మాటల్లేని ఇంట్లో ఇంజను మార్పిడి

పోయిన నెల మా చిన్నాయన కొడుకు రమణ ఫోన్ చేసి, నాయన నిన్ను ఒకసారి చూడాలంటున్నాడు, తీరిక చేసుకొని రా అక్కా అన్నాడు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే, జబ్బేమీ లేదు గానీ నాలుగు ముద్దలు కూడా తినడం లేదని చెప్పాడు. చిన్నాయనకు ఎనభై దాటి ఎన్నాళ్లో అయింది. నేను కుప్పంలో ముప్పై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి, రిటైరై, ఇప్పుడు ఎవరినీ ఏ లెక్కా అడక్కుండా హాయిగా ఉంటున్న మనిషిని. బయల్దేరడానికి నాకేమీ అడ్డం లేదు. అయినా ఇవాళ రేపు అంటూ పదిరోజులు జరిపాను. ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి నలభై ఏళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. చెప్తే ఏమంటాడోనని భయం. చెప్పకముందే పోతాడేమోనని ఇంకో భయం. నాయన బతికున్నన్నాళ్లూ ఆయనకూ చెప్పలేకపోయాను. ఇక మిగిలింది చిన్నాయన ఒక్కడే.

చివరికి ఒక పొద్దున బస్సెక్కాను. పలమనేరు మీదుగా పుంగనూరు, అక్కడి నుంచి చౌడేపల్లె వైపు ఆటోలో మా పల్లె. దారి పొడుగునా టమేటా తోటలే. మడుల మీద ప్లాస్టిక్ షీటు, కింద డ్రిప్పు పైపు, ప్రతి మొక్కకూ కట్టె, కట్టెకూ కట్టెకూ మధ్య తీగ. మా రోజుల్లో టమేటా నేల మీద పడి పాకేది, కాయ సగం మట్టిలో ఉండేది. నారు కొనుక్కొచ్చే పని లేదు, ఎవరి నారు వాళ్లే బావి పక్కన మడి కట్టి పోసుకునేవాళ్లు. నారు పీకిన రోజు చేతులకు పట్టిన పచ్చటి జిగురు రెండు రోజులు కడిగినా పోయేది కాదు, ఆ చేత్తో సంగటి తింటే చేదు తగిలేది. మా అమ్మ అందుకని ఆ రోజుల్లో చెనిక్కాయల ఊరిబిండి పచ్చడిలో ఇంకొక మిరపకాయ ఎక్కువ వేసి నూరేది. ఆటోలో కూర్చొని ఇవన్నీ తలుచుకుంటున్నానే గానీ, నా మనసంతా ఆ రెండు ట్రాక్టర్ల మీదే ఉంది.

అవి మామూలు ట్రాక్టర్లు కావు. కోలారు వైపు ఎవరిదో ద్రాక్షతోట ఎత్తేస్తుంటే, అందులో వాడిన రెండు తోట ట్రాక్టర్లను మా తాత కొనుక్కొచ్చాడు. సాళ్ల మధ్య దూరి దున్నడానికి చేసినవి, మామూలు ట్రాక్టరు పక్కన నిలబెడితే దూడల్లాగా ఉండేవి. రెండూ ఒకే కంపెనీ, ఒకే రంగు. తాళంచెవి తిప్పితే స్టార్టయ్యే బండ్లు కావు, ముందున్న రంధ్రంలో ఇనప హ్యాండిలు దూర్చి గట్టిగా తిప్పాలి. తాత పోయాక నాయనా చిన్నాయనా వేరుపడ్డారు. ఇంటి మధ్యలో గోడ లేచింది, చేను మధ్యలో గట్టు లేచింది, ట్రాక్టరు తలా ఒకటి వచ్చింది. బావిని పంచడం ఎవరి వల్లా కాలేదు, నీళ్లకు వంతులు పెట్టుకున్నారు. మా అవ్వనూ పంచలేకపోయారు. ఆమె పొద్దున మా ఇంట్లో, సాయంత్రం చిన్నాయన ఇంట్లో తినేది, రెండు చోట్లా ఉప్పు చాలలేదని తిట్టేది.

గొడవ నీళ్ల దగ్గర వచ్చింది. ఒక ఎండాకాలం మా వంతు రోజున చిన్నాయన మోటరు వేశాడు. తన వంతు నాడు కరెంటే రాలేదని ఆయన వాదన. నాయన పోయి స్టార్టరు ఆపేశాడు. బావిగట్టు మీద ఇద్దరూ ఏమేం అనుకున్నారో మాకెవరికీ తెలియదు. నాయన ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని, ఈ పొద్దు నుంచి వాడికీ నాకూ మాటలు లేవు అని చెప్పి అన్నానికి కూర్చున్నాడు. మా వైపు మాటలు లేవంటే రాకపోకలు లేవని కాదు. చావుకు వస్తారు, పెళ్లికి వస్తారు, ఒకే బంతిలో కూర్చొని తింటారు. ముఖాముఖి మాట వేయరు, అంతే. చెప్పాల్సింది ఏదన్నా ఉంటే మధ్యలో ఇంకొకరు ఉండాలి. మనిషి దొరక్కపోతే గొడ్డుతోనైనా చెప్తారు. చిన్నాయన ఒకసారి మా బర్రె ముందు నిలబడి, రేపు మీ వంతు, పొద్దున్నే మోటరేసుకోమను అని దానితో చెప్పి పోవడం నేను కళ్లారా చూశాను. వినాల్సిన మనిషి ఆ బర్రె కిందే కూర్చొని పాలు పితుకుతున్నాడు. వినపడిందో లేదో అనుకునే పనే లేదు, మరుసటి పొద్దున మోటరు వేశాడు కాబట్టి విన్నాడనే లెక్క.

ఇలా రెండేళ్లు గడిచాక ఒకే వేసవిలో రెండు ట్రాక్టర్లూ మూలపడ్డాయి. చిన్నాయన బండి వంకలోకి బోల్తా కొట్టింది. ఆయన దూకేసి బతికాడు గానీ బండి వెనక ఇరుసు పెట్టె పగిలింది, ఇంజను ముందు మూత చీలింది, ఇంజను మాత్రం భేషుగ్గా ఉంది. మా నాయన ఆయిలు చూసుకోకుండా నడిపి నడిపి తన బండి ఇంజనునే పాడుచేశాడు. అది ఎంత బిగుసుకుపోయిందంటే హ్యాండిలుకు ఇద్దరు వేలాడినా కదల్లేదు. సరిగ్గా అప్పుడే తొలకరి పడింది. ఊరంతా ఒకేసారి కదిలింది, బాడుగ ట్రాక్టరుకు పోతే పది పదిహేను రోజులు ఆగమన్నారు. ఎద్దుల్ని అంతకుముందే అమ్మేశాం. బావి పక్కన రెండిళ్ల టమేటా నారూ ఇరవై మూడు రోజులది అయి కూర్చుంది. ముప్పై రోజులు దాటితే నారు ముదిరి మడిలోనే పూత వస్తుంది, ఇక నాటినా దండగే. అంటే వారంలో దున్ని సాళ్లు తోలకపోతే రెండిళ్లకూ ఆ ఏడు పంట లేనట్టే. నాయన రోజూ పొద్దున పోయి నారు చూసి వచ్చేవాడు. ఆయన వచ్చేశాక చిన్నాయన పోయి చూసేవాడు.

అవ్వ రెండు రోజులు చూసి, మూడో రోజు నడిమి గోడ చివర అరుగు మీద కూర్చొని ఇద్దరికీ వినపడేలా అంది: "ఒకడి కాడ ఒళ్లుండాది, ఒకడి కాడ గుండెకాయుండాది. కలుపుకుంటే ఒక బండన్నా అవతాది. లేకుంటే రెండు పీనిగల్నీ పెట్టుకోని ఏడ్సండి." నాయన పోయి స్పానర్ల సంచి తెచ్చాడు. చిన్నాయన పుంగనూరు పోయి, మోటర్లు దించే మేస్త్రీ దగ్గర చైను కప్పీ అడుక్కొచ్చాడు. అలా ఒప్పందం కుదిరింది. చిన్నాయన ఇంజను మా బండిలోకి వస్తుంది, రోజు విడిచి రోజు ఒక్కొక్కరు వాడుకోవాలి.

నాకప్పుడు ఇరవై ఒకటి. బి.యస్సీ. పరీక్షలు రాసి ఫలితాల కోసం ఇంట్లో కూర్చొని ఉన్నాను. మధ్యమనిషి పని నా నెత్తిన పడింది. నీలగిరి కట్టెలు మూడింటిని పైన కలిపి కట్టి, కప్పీ తగిలించి, ఇంజనుకు చైను చుట్టారు. నాయన లాగుతాడు, చిన్నాయన కింద చూసుకుంటాడు. ఇంకొంచెం పైకి లాగమనాలంటే చిన్నాయన తల నా వైపు తిప్పి, "మీ నాయన్ను ఇంకొంచెం లాగమను పాపా" అంటాడు. నేను నాయన వైపు తిరిగి అదే మాట అంటాను. నాయన అప్పటికే లాగుతూ ఉంటాడు. ఆగమనడానికీ ఇదే తంతు. పద్నాలుగో నంబరు స్పానరు కావాలంటే నాకే చెప్పాలి, అది నాయన చేతిలో ఉంటే నేనే తీసుకొని అడుగు దూరంలో ఉన్న చిన్నాయనకు ఇవ్వాలి. కిరసనాయిలు వాసన, పాత గ్రీజు వాసన, మధ్యలో అవ్వ నమిలే ఆకువక్క వాసన. సాయంత్రానికి నా గొంతు ఎండిపోయింది. అమ్మా చిన్నమ్మా మాత్రం గోడకు అటొకరూ ఇటొకరూ నిలబడి నన్ను చూసి నవ్వుకున్నారు. వాళ్లిద్దరికీ ఎప్పుడూ మాటలు ఉండేవి, మగవాళ్లు చేలోకి పోయాక కూరలు కూడా మార్చుకునేవాళ్లు.

చిన్నాయన వయసులో ఉన్నప్పుడు మదనపల్లెలో ఒక లారీ షెడ్డులో పని చేశాడు కాబట్టి ఇంజను సంగతి ఆయనకే తెలుసు. ఆయన ఇంజను ముందు మూత చీలింది కదా, చచ్చిన మా ఇంజను మూత తీసి దానికి వేయాలి. ఆ పనికి లోపలున్న పళ్ల చక్రాల్లో ఒకటి, డీజిలు పంపును తిప్పే గేరు, ఊడదీయక తప్పదు. తిరిగి పెట్టేటప్పుడు దాని ఏ పన్ను పక్క చక్రం ఏ పంటి సందులో ఉండిందో అక్కడే పడాలి. తప్పితే డీజిలు వేళగాని వేళ పడుతుంది. గుర్తుకు రంగేమీ దొరక్క, చిన్నాయన అవ్వ దగ్గర ఇంత కుంకుమ తీసుకొని ఆముదంలో రంగరించి, చీపురుపుల్లతో రెండు చక్రాల మీదా చిన్న చుక్కలు పెట్టాడు. అప్పుడు గేరు ఊడదీసి, కడిగిన సామాన్లతో పాటు అరుగు మీద గోనెపట్ట పరిచి పెట్టాడు. అది గురువారం సాయంత్రం.

మరుసటి రోజు శుక్రవారం. శుక్రవారం నాడు మా అవ్వ తలకు పోసుకొని ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకూ బొట్టు పెట్టేది. కుట్టుమిషనుకు, రోలుకు, సైకిలుకు, మోటరు స్టార్టరు పెట్టెకు, మా నాయన ట్రాన్సిస్టరు రేడియోకు. గోనెపట్ట మీద తళతళలాడే ఇనప సామాన్లను వదులుతుందా? అన్నింటికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. గేరు దగ్గరికి వచ్చేసరికి దాని మీద అప్పటికే ఆవగింజంత చుక్క ఒకటి కనిపించింది. ఇంత పిసినారి బొట్టు ఎవరు పెట్టారని గొణుక్కుంటూ, దానికి మూడు పళ్ల అవతల రూపాయి బిళ్లంత గుండ్రటి బొట్టు పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. నాకు తట్టలేదు.

చిన్నాయన వచ్చి చూశాడు, ఆయనకు తట్టింది. బొట్టు తుడిచేసి ఉంటే అక్కడితో పోయేది. కానీ శుక్రవారం పూట తల్లి పెట్టిన బొట్టు తుడవడం మా ఇళ్లలో ఎవరి చేతా కాదు. గేరు బిగించేది నాయన, నా బండికి నేనే బిగించుకుంటానని పొద్దున్నే నాతో చెప్పించాడు కూడా. చిన్నాయన చైనుకు వేలాడుతున్న ఇంజను కిందికి దూరబోతూ నన్ను పిలిచి, "అవ్వ పెట్టింది పెద్ద బొట్టు. నా గుర్తు సిన్న సుక్క. సిన్నదే సూసుకోమని మీ నాయనకు సెప్పు పాపా" అన్నాడు. నాయన మాకు నాలుగడుగుల దూరంలో మూత శుభ్రం చేసుకుంటున్నాడు. అవ్వ వింటే నొచ్చుకుంటుందని చిన్నాయన గొంతు తగ్గించి చెప్పాడు కాబట్టి ఆయనకు వినపడలేదు.

నాకు ఒళ్లు మండింది. రెండు రోజులుగా వీళ్లిద్దరి మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాను. బావిగట్టు మీద తిట్టుకున్నప్పుడు నన్ను మధ్యలో పెట్టుకున్నారా? అంత అవసరమైన మాటైతే నోరు తెరిచి ఆయనే చెప్తాడులే, చెప్పనీ, నేనేం టెలిఫోను తీగనా అనుకున్నాను. సరే అని తలూపి, నాయన ముందు నుంచే నడిచి వంటింట్లోకి పోయి, అమ్మ పక్కన కూర్చొని ఉల్లిపాయలు తరిగాను. మరిచిపోలేదు. కావాలనే చెప్పలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది.

నాయన పెద్ద బొట్టునే గుర్తనుకొని గేరు పెట్టాడు, మూత బిగించాడు. మధ్యాహ్నానికల్లా ఇంజను మా బండిలో కూర్చుంది. అందరం వాకిట్లోకి వచ్చాం. అవ్వ కర్పూరం వెలిగించి, చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. నాయన హ్యాండిలు దూర్చి రెండు చేతులా పట్టుకొని ఒక్క తిప్పు తిప్పాడు. ఇంజను ఒకసారి ఢామ్మని ఎదురు తన్నింది. హ్యాండిలు వెనక్కి తిరిగి నాయన కుడిచేతిని కొట్టింది. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు గడప దగ్గరున్న నాకు కూడా వినిపించింది. నాయన చెయ్యి పట్టుకొని కింద కూలబడ్డాడు. చిన్నాయన అన్నా అని కేక వేసి, ఆయన ముందు మోకాళ్ల మీద పడి, ఏదీ అన్నా, ఏదీ సూపించు, కదిలించొద్దు అన్నాడు. రెండేళ్ల తర్వాత వాళ్లిద్దరి మధ్యా పడిన మొదటి మాట అది. నాయన నొప్పికి పళ్లు కొరుకుతూ, బండి ఆపినావారా అని అడిగాడు. బండి స్టార్టే కాలేదు.

ఎముకలు కట్టే ఆయన పుంగనూరులో ఉంటే చిన్నాయనే సైకిలు మీద కూర్చోబెట్టుకొని తీసుకెళ్లాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి దారి పొడుగునా మాట్లాడుకుంటూ వచ్చినట్టున్నారు, వాకిట్లో దిగాక కూడా ఆపలేదు. ఆ సాయంత్రమే చిన్నాయన ఒంటరిగా కూర్చొని మూత విప్పి, గేరు మూడు పళ్లు జరిపి, మళ్లీ బిగించాడు. ఈసారి ఒక్క తిప్పుకే స్టార్టయింది. ఏం తప్పు జరిగిందని నాయన అడిగితే, గాలి పట్టిందన్నా అన్నాడు. అవ్వతో బొట్టు మాట ఎత్తలేదు. నా వైపు చూడలేదు. నేను అక్కడి నుంచి లేచి లోపలికి వెళ్లాను.

మూడు రోజుల్లో రెండిళ్ల చేలూ చిన్నాయనే దున్నాడు. ముందు మాది, తర్వాత ఆయనది. నాయన మెడకు చెయ్యి వేలాడేసుకొని గట్టు మీద నిలబడి, సాలు వంకరగా పోతోందని అరిచేవాడు. నీ చెయ్యి కంటే నయమేలే అని చిన్నాయన అరిచేవాడు. నారు ముదరకముందే రెండు చేలూ నాటాం. రోజు విడిచి రోజు వంతులనే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, ట్రాక్టరు ఎవరికి పని ఉంటే వాళ్ల వాకిట్లో నిలబడేది. నాయన తొందరపడి కట్టు ముందే విప్పేసుకోవడంతో మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత ఆయన హ్యాండిలు పట్టింది లేదు. సంగటి ముద్ద చేసుకునేటప్పుడు ఆ చెయ్యి పక్కకు తిరిగేది, ఎదురుగా కూర్చున్న నాకు ప్రతిసారీ అన్నం సహించేది కాదు. పోయేదాకా ఆయన ఆ ఇంజను తన బండిలో ఇమడలేక తన్నిందనే అనుకున్నాడు. ఎవరన్నా అడిగితే అదొక తమాషాగా చెప్పి నవ్వేవాడు. నేను కూడా నవ్వేదాన్ని.

ఇన్నేళ్లకు పల్లెలో ఆటో దిగితే రమణ ఇంటి ముందు ట్రాక్టరే లేదు. ఫోన్లో చెప్తే సాళ్లు తోలే చిన్న ట్రాక్టరు మధ్యాహ్నానికి వచ్చి దున్నేసి పోతుందట. నారు నర్సరీ వాళ్లే ట్రేలలో తెచ్చి ఇస్తారట. నారు ముదిరిపోతుందనే బెంగ తన కొడుకులకు తెలియదని రమణ కొంచెం గొప్పగా చెప్పాడు. నిజమే, తెలియనవసరం లేదు. ఇంజను మార్చుకోవడానికి ఒకరి వాకిట్లోకి ఒకరు రానవసరం కూడా లేదు. రమణ కొడుకులిద్దరికీ ఏదో మాట తేడా వచ్చి ఏడాదయిందట, ఒకరి నంబరు ఒకరు బ్లాక్ చేసుకున్నారు. బర్రెలకు ఆ అవస్థ తప్పింది. అప్పుడే బాగుండేదని నేను అనను. ఆ బాగుండడంలో మా నాయన చెయ్యి విరిగింది.

చిన్నాయన వసారాలో మంచం మీద దిండుకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు, చెవులు మాత్రం బాగానే వినిపిస్తున్నాయి. కుప్పంలో వానలెలా ఉన్నాయని అడిగాడు, నా మోకాళ్ల నొప్పుల సంగతి అడిగాడు. చిన్నమ్మ కాఫీ ఇచ్చి లోపలికి పోయాక నేను ఇక ఆగలేకపోయాను. ఆ శుక్రవారం నువ్వు చెప్పమన్న మాట నేను నాయనకు చెప్పలేదు చిన్నాయనా, మరిచిపోయి కాదు, కోపమొచ్చి కావాలనే చెప్పలేదు, ఆయన చెయ్యి నా వల్లే పోయింది అని గబగబా అనేశాను.

చిన్నాయన కాఫీ గ్లాసు మంచం కోడు పక్కన పెట్టాడు.

"తెలుసు పాపా. నువ్వు వంటింట్లోకి పోతాంటేనే సూసినాను, సెప్పకుండా పోతాండావని. మీ నాయన పెద్ద బొట్టు మీద గేరు పెడతాంటే కూడా సూసినాను. ఇంజను కింద పండుకోని ఉంటిని గదా, అది నా నెత్తి మీదనే ఉండాది. ఒక్క మాట అంటే సరిపోయేది. స్టార్టు కాదులే, కొంచేపు తిప్పలు పడనీ, అప్పుడన్నా నోరు తెరిసి నన్ను అడగతాడేమో అనుకుంటిని. ఎదురు తంతాదని, సెయ్యి ఇరుగుతాదని అనుకోలేదమ్మా. ఇది సెప్పేదానికే నిన్ను రమ్మనింది."

నలభై ఏళ్లు ఒకే తప్పును ఇద్దరం చెరొక చోట దాచుకున్నాం. చివరికి, నాయనకు ఎప్పుడన్నా చెప్పినావా చిన్నాయనా అని అడిగాను.

"యాడ సెప్పేది. సెయ్యి ఇరిగినాకనే గదా మాటలు కలిసింది. ఇది సెప్తే ఆ మాటలు మళ్లా పోతాయని బయపడితి. ఆయప్ప పోయే దినం వరకూ ఇద్దరం రోజూ మాట్లాడుకుంటానే ఉంటిమి పాపా, ఇది ఒక్కటి తప్ప."